యాసిడ్ డ్రమ్ముకు గుర్తు ఉంది, మగ్గుకు లేదు

పత్తి విత్తనం పని అంటే చాలామందికి తెలిసింది చేలో జరిగే క్రాసింగు పని ఒక్కటే. పిల్లలను బడి మాన్పించి ఆ పనికి తీసుకుపోవడం గురించి పత్రికలు రాశాయి, కమిటీలు వచ్చాయి, పోయాయి. అదే గింజ చేను దాటి షెడ్డులోకి పోయిన తర్వాత దానికి ఏం జరుగుతుంది, దాన్ని కడిగే చేతులకు ఏం జరుగుతుంది అని రాసినవాళ్లు తక్కువ.

జిన్నింగులో దూది పోయినా గింజకు సన్నని నూగు అంటుకునే ఉంటుంది. నూగు ఉంటే గింజలు ఒకదానికొకటి చిక్కుకుంటాయి, మందు సరిగా పట్టదు. అందుకని యాసిడ్ పోసి నూగు తీసేస్తారు. దీన్నే డీలింటింగ్ అంటారు. పుస్తకాల్లో దాని పేరు గంధకికామ్లం, కంపెనీ కాగితాల్లో సల్ఫ్యూరిక్ యాసిడ్, మన కూలీల నోట ఒట్టి యాసిడ్. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెప్పే లెక్క ప్రకారం కిలో గింజకు 100 మిల్లీలీటర్ల గాఢమైన యాసిడ్ పోసి, రెండు మూడు నిమిషాలు కర్రతో కలియబెట్టాలి. గింజ కాఫీ పొడి రంగుకు తిరగ్గానే యాసిడ్ వంచేసి, ఎక్కువ నీళ్లతో నాలుగైదు సార్లు కడగాలి. అంటే క్వింటాలు గింజకు 10 లీటర్ల యాసిడ్. పెద్ద కంపెనీలకు మూతలున్న యంత్రాలు ఉన్నాయి. మేము తిరిగిన చిన్న షెడ్లలో మాత్రం తొట్టి, కర్ర, ప్లాస్టిక్ మగ్గు, వాటి దగ్గర చీర కొంగు నడుముకు దోపుకున్న ఆడకూలీలు.

నడిగడ్డలో ఒక ఊళ్లో మీటింగు పెట్టినప్పుడు ఒక అక్క లేచి అడిగింది: "అన్నా, పురుగుమందు డబ్బాకైతే ఎర్రదో పచ్చదో రంగుంటది. ఈ యాసిడ్ డ్రమ్ముకు రంగు లేదు గదా. అంటే ఇది ఇసం గాదా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాటేయడం తగదు. పురుగుమందు డబ్బా మీద రంగు చూడటం మన కూలీలకు అలవాటే. 1971 నాటి పురుగుమందుల నియమాల్లో ఎరుపు అతి విషమనీ, పసుపు ఎక్కువ విషమనీ, నీలం మధ్యరకమనీ, ఆకుపచ్చ తక్కువ విషమనీ పెట్టారు. ఆ రంగు చెప్పేది ఎంత మోతాదు ఒంట్లోకి పోతే ప్రాణం పోతుందనే లెక్క. యాసిడ్‌కు ఆ కొలత చాలదు. యాసిడ్ చెడ్డ పని చేయడానికి ఒంట్లోకి పోనక్కరలేదు, ఒంటి మీద పడితే చాలు. కాబట్టి దాన్ని కొలిచే లెక్క వేరు. మోతాదు కాకుండా నిమిషాలు కొలుస్తారు.

ఆ లెక్క ఇదీ. రసాయనాన్ని చర్మం మీద ఉంచితే మాంసం దాకా చచ్చిపోవడానికి ఎంతసేపు పట్టింది? మూడు నిమిషాలు, అంతకన్నా తక్కువసేపు తగిలినా, గంటలోపు పుండు కనబడితే అది 1ఏ తరగతి. మూడు నిమిషాలు దాటి గంట లోపు తగిలితే చెడిపోయేది 1బి. గంట దాటి నాలుగు గంటల లోపయితే 1సి. ఐక్యరాజ్య సమితి 2003లో అచ్చువేసిన రసాయనాల వర్గీకరణ పుస్తకంలో ఉన్న పద్ధతి ఇదే. ఈ పరీక్షలు ఒకప్పుడు కుందేళ్ల మీద చేసేవాళ్లు. ఇప్పుడు ప్రయోగశాలలో పెంచిన చర్మపు పొర మీద చేస్తున్నారు, కుందేలును హింసపెట్టడం తగదని. మంచిదే. మన షెడ్లలో ఆ పరీక్ష దినకూలీకి జరుగుతోంది.

యూరప్ దేశాల జాబితాలో గంధకికామ్లం 1ఏలో ఉంది. అన్నిటికన్నా పై మెట్టు. ఇప్పుడు పైన చెప్పిన డీలింటింగ్ లెక్క మళ్లీ చూడండి. గింజ మీది నూగు పోవడానికి రెండు మూడు నిమిషాలు. చర్మం పోవడానికి మూడు నిమిషాలు. నూగు కోసం గడియారం చూసే మేస్త్రి చేతి మీద పడ్డ చుక్క కోసం గడియారం చూడడు. "ఈ గాబు అయిపోనియ్యి, తర్వాత కడుక్కుందువు" అంటాడు. గాబు అయిపోయేసరికి ఆ మూడు నిమిషాలు గడిచిపోతాయి.

యజమానుల దగ్గర దీనికి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఇది నీళ్లు కలిపిన యాసిడ్, ఏం కాదు." నీళ్లు కలిపితే తరగతి మారే మాట నిజమే. కానీ ఎన్ని నీళ్లు? అదే యూరప్ జాబితా ప్రకారం నూటికి 15 పాళ్లు, ఆపైన యాసిడ్ ఉంటే అది చర్మాన్ని తినేసే తరగతిలోనే ఉంటుంది. 5కూ 15కూ మధ్య ఉంటే మంట పుట్టించి, కళ్లను బాధపెట్టే తరగతిలోకి దిగుతుంది. ట్రాక్టరు బ్యాటరీలో పోసే యాసిడ్ నూటికి 30 పాళ్లు దాటే ఉంటుంది. అంటే బ్యాటరీ యాసిడ్ కూడా ఆ గీతకు రెట్టింపు పైన ఉంది. షెడ్లో మొదటి కడుగు నీళ్లలో ఎన్ని పాళ్లు ఉందో కొలిచినవాణ్ని మేము ఇంతవరకూ ఒక్కణ్ని చూడలేదు. ఇంకో సంగతి. పలచటి యాసిడ్ చీర మీద చింది ఆరిపోయిందనుకుంటాం. ఆరేది నీళ్లు మాత్రమే. యాసిడ్ బట్టలోనే ఉండిపోయి చిక్కబడుతుంది. సాయంత్రానికి చీరకు చిల్లులు పడేది అందుకే. ఆ చీర తొడకు ఆనుకుని ఉంటుందన్న మాట వేరే చెప్పాలా?

ఒక షెడ్డులో గుమస్తా మాకు ఇంకో కాగితం తెచ్చి చూపించాడు. చదువుకున్నవాడే. "చూడన్నా, ఇందులో రెండో గ్రూపు, మధ్యస్థ ప్రమాదం అని ఉంది. మీరేమో పై మెట్టు అంటరు." ఆ కాగితం తప్పేమీ కాదు, అతను చదివిందీ తప్పు కాదు. అది రవాణా కాగితం. రోడ్ల మీదా, ఓడల్లోనూ సరుకు పంపడానికి ఐక్యరాజ్య సమితిదే వేరే జాబితా ఉంది. అందులో తినేసే సరుకులన్నీ 8వ తరగతి. నూటికి 51 పాళ్లు దాటిన గంధకికామ్లానికి 1830 నెంబరు, అంతకు తక్కువదానికీ బ్యాటరీ యాసిడ్‌కూ 2796. రెండూ ప్యాకింగులో రెండో గ్రూపు. ఆ గ్రూపు చెప్పేది డ్రమ్ము ఎంత గట్టిగా ఉండాలి, ట్యాంకరు ఎలా కట్టాలి అనే సంగతి. అక్కడ డ్రమ్ము మూత బిగించి ఉంటుంది. మన కూలీకి తగిలేది మూత తీసిన తర్వాత. సరుకు మోసే డ్రమ్ము కోసం రాసిన మెట్టును, మూత తీసి ముంచే మనిషికి అంటగడితే ఎలా?

హైవే మీద పోయే యాసిడ్ ట్యాంకరు వెనక గుర్తు మీరు చూసే ఉంటారు. మూల మీద నిలబెట్టిన చదరం, పై సగం తెలుపు, కింది సగం నలుపు, అడుగున 8 అంకె. రెండు గాజు గొట్టాల నుంచి చుక్కలు పడుతుంటాయి. ఒక చుక్క చేతి మీద, ఒక చుక్క ఇనుము మీద. పనిచేసే చోట డబ్బాలకు అంటించేదయితే ఎర్ర అంచు ఉన్న తెల్ల చదరం, లోపల బొమ్మ అదే. చదువు రానివాళ్లకు కూడా అర్థం కావాలనే ఆ బొమ్మ. చేతి మీద చుక్క సంగతి చెప్పుకున్నాం. ఇనుము మీద చుక్క సంగతి కూడా తెలియాలి, ఎందుకంటే దానివల్ల ప్రాణాలు పోతాయి.

నూటికి తొంభై పైచిలుకు ఉన్న గాఢమైన యాసిడ్‌ను మామూలు ఇనుప ట్యాంకులోనే నిలవ చేస్తారు, అది ఇనుమును పెద్దగా తినదు. నీళ్లు కలిసిందో, అప్పుడు తినడం మొదలుపెడుతుంది. తిన్నప్పుడు హైడ్రోజన్ అనే గాలి పుడుతుంది. దానికి వాసన లేదు, కంటికి కనబడదు, నిప్పు తగిలితే పేలుతుంది. యాసిడ్ అయిపోయిన ఇనుప డ్రమ్మును కడుగుదామని నాలుగు బిందెల నీళ్లు పోసి వదిలేస్తారు. అడుగున మిగిలిన యాసిడ్ పలచనై ఇనుమును తింటుంది, డ్రమ్ము నిండా ఆ గాలి చేరుతుంది. మర్నాడు వెల్డింగు వాడొస్తాడు, లేదా ఎవరో మూత దగ్గర బీడీ ముట్టిస్తారు. ఖాళీ డ్రమ్మే కదా అనుకుంటారు. యాసిడ్ మండదు అని చెప్పే మాట నిజమే, అది పుట్టించే గాలి మండుతుంది. ఖాళీ డ్రమ్ములు ఇంటికి తీసుకుపోయి నీళ్లు పట్టుకునే అలవాటు మన ఊళ్లలో ఎంత ఉందో అందరికీ తెలుసు. ప్లాస్టిక్ డ్రమ్మయినా సరే, ఆ పని వద్దే వద్దు.

బరువు సంగతి ఎవరూ చెప్పరు. యాసిడ్ నీళ్లకన్నా దాదాపు రెట్టింపు బరువు, లీటరుకు 1.84 కిలోలు. 35 లీటర్ల క్యానులో నీళ్లయితే 35 కిలోలు, యాసిడయితే 64 కిలోలు. చూడటానికి క్యాను అదే. నీళ్ల క్యాను అనుకుని ఇద్దరు ఆడవాళ్లు ఎత్తితే చెయ్యి జారుతుంది. జారిన క్యాను ఎక్కడ పడుతుంది? కాళ్ల మీద.

ఇక గాలిలో తేలే తుంపర. ఈ యాసిడ్ మామూలుగా ఆవిరి కాదు, వాసన కూడా ఉండదు, అందుకే పక్కన ఉన్నా తెలియదు. కానీ వేడెక్కినప్పుడు, జోరుగా కలియబెట్టినప్పుడు పొగమంచులాంటి సన్నని తుంపర లేస్తుంది. గొంతు గీరుకుంటుంది, దగ్గు వస్తుంది, పళ్ల మీది మెరుపు అరిగిపోతుంది. క్యాన్సర్ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ 1992లోనే ఈ తుంపరను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో చేర్చింది. పనిచోట ఏళ్ల తరబడి దాన్ని పీల్చినవాళ్లలో స్వరపేటిక క్యాన్సర్ కనబడిందని చెప్పింది. బుడ్డి మీద కాలిన చేయి బొమ్మ ఉంటుంది గాని ఈ సంగతి ఆ బొమ్మలో లేదు. అందుకే బొమ్మతో పాటు ఆ సరుకుకు ఉండే పూర్తి వివరాల పత్రం కూడా అడగాలంటున్నాం.

ఇంత వర్గీకరణ, ఇన్ని అంకెలు, ఇన్ని బొమ్మలు ఉన్నాయి కదా, మరి మన కూలీకి ఎందుకు చేరలేదు? ఎక్కడ ఆగిపోయింది? దీన్ని మేము షెడ్డు షెడ్డుకూ గమనించుకుంటూ వచ్చాం. ట్యాంకరుకు గుర్తు ఉంది. కంపెనీ నుంచి వచ్చిన పెద్ద డ్రమ్ముకు గుర్తు ఉంది, చినిగిపోయో, మసిబారో, ఉంది. ఆ డ్రమ్ము గేటు పక్క రేకుల కింద ఉంటుంది. అక్కడి నుంచి పాత నూనె క్యాన్లలోకి వంచుతారు. క్యాను మీద వంటనూనె బొమ్మ. క్యాను నుంచి మగ్గులోకి. మగ్గు మీద ఏమీ లేదు. ఒక చోటయితే కూల్‌డ్రింకు సీసాలో పోసి కిటికీలో పెట్టారు, "కొంచెమే మిగిలింది" అని. పనిలో చేరే కూలీకి ఎదురయ్యేది ఆ మగ్గు, ఆ సీసా. పెద్ద డ్రమ్మును ఆమె చూడనే చూడదు. గుర్తు ఎవరికి అవసరమో వాళ్ల దగ్గరికి వచ్చేసరికి గుర్తు లేదు.

ఇది మేము కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లో రసాయనాల మీద 170వ ఒడంబడిక చేసింది. దాని 11వ అధికరణం సరిగ్గా ఇదే చెబుతుంది: రసాయనాన్ని ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రలోకి మార్చినప్పుడు అందులో ఉన్నది ఏమిటి, దానితో ప్రమాదమేమిటి, తీసుకోవలసిన జాగ్రత్తలేమిటి అన్నది కార్మికులకు తెలిసేలా యజమాని గుర్తు పెట్టాలి. మన దేశం ఆ ఒడంబడికను ఆమోదించలేదు. మన సొంత నియమాలు ఉన్నాయి. భోపాల్ తర్వాత చేసిన పర్యావరణ చట్టం కింద 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు వచ్చాయి. వాటిలో 17వ నియమం ప్రమాదకర రసాయనం ఉన్న ప్రతి పాత్ర మీదా లోపలున్నదేమిటో, తయారుచేసింది ఎవరో, దాని గుణాలేమిటో స్పష్టంగా రాయాలంటుంది. పాత్ర చిన్నదైతే చీటీ కట్టాలంటుంది. ప్రతి పాత్ర అంటే మగ్గు కూడా పాత్రే అని మా వాదన.

భోపాల్ పేరు వచ్చింది కాబట్టి ఇంకొకటి గుర్తు చేయాలి. ఆ ఘోరం జరిగిన ఏడాదికే, 1985 డిసెంబర్ 4న, ఢిల్లీలో శ్రీరామ్ ఫుడ్ అండ్ ఫెర్టిలైజర్స్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం పొగ బయటకు వచ్చింది. ఓలియం అంటే ఈ యాసిడ్‌కే ఇంకా గాఢమైన రూపం. రవాణా జాబితాలో దాన్ని మొదటి గ్రూపులో పెట్టి, తినేసేదే కాక విషం అని కూడా గుర్తు వేశారు. ఆ కేసులోనే 1986 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రమాదకరమైన పని పెట్టుకున్నవాడు జరిగిన నష్టానికి పూర్తిగా బాధ్యుడు, జాగ్రత్తలు తీసుకున్నానని చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదని. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని కూడా సవరించి, ప్రమాదాల వివరాలు కార్మికులకు చెప్పి తీరాలని రాశారు.

ఆ ఫ్యాక్టరీల చట్టం ఇప్పుడు లేదు. 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలోకి వచ్చింది. వివరాలు చెప్పాలన్న మాట కొత్త కోడ్‌లోనూ ఉంది. కానీ కరెంటు వాడేచోట పదిమంది కార్మికులుంటే ఫ్యాక్టరీ అనేవాళ్లు, ఇప్పుడు ఇరవై మంది ఉండాలన్నారు. ప్రమాదకరమైన పని జరిగే చోట ఈ లెక్క వర్తించదని ప్రభుత్వం ప్రకటించే వీలుంది, ప్రకటిస్తేనే. మన షెడ్లలో పన్నెండు మందో పదిహేను మందో ఉంటారు. యాసిడ్‌కు మాత్రం తల లెక్క తెలియదు. ఇదే సంగతి పట్టుకుని మేము ఒక ఆఫీసుకు పోతే, "ఇది విత్తనం పని, వాళ్లను అడగండి" అన్నారు. వాళ్ల దగ్గరికి పోతే, "మేము మొలక శాతం చూస్తాం, మనుషులను చూడటం మా పని కాదు" అన్నారు. ఆ మాట అన్నాయన నవ్వలేదు కూడా.

ఇక చిల్లర అమ్మకం సంగతి. ఆడపిల్లల మీద యాసిడ్ దాడుల కేసులో 2013 జులైలో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. కొనేవాడి గుర్తింపు కార్డు చూడాలి, ఎందుకు కొంటున్నాడో రిజిస్టరులో రాయాలి, 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదు అని. చాలా అవసరమైన ఆదేశం. కొనే మనిషి పేరు యాసిడ్ అమ్మే కొట్టుకు తెలియాలని కోర్టు అన్నది. ముంచే మనిషికి యాసిడ్ పేరు తెలియాలని మేము అంటున్నాం.

ఒంటి మీద పడితే ఏం చేయాలో ఇక్కడే రాస్తున్నాం, చదివినవాళ్లు చదవనివాళ్లకు చెప్పాలి. వెంటనే ఆ బట్ట తీసేయాలి. సిగ్గుపడే సమయం కాదది. తోటి ఆడవాళ్లు చుట్టూ నిలబడి చీర అడ్డం పట్టాలి. ధారగా నీళ్లు పోయాలి, ఒక చెంబుతో సరిపెట్టకూడదు, కనీసం పదిహేను ఇరవై నిమిషాలు. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని అంతసేపూ కడగాలి. షెడ్లో ఆఖరు కడుగుకు వాడే సున్నం పక్కనే ఉంటుంది. "యాసిడ్‌కు సున్నం విరుగుడు" అని అది తీసి పుండు మీద రుద్దుతారు. అది గింజకు విరుగుడు. ఒంటి మీద రెండూ కలిస్తే వేడి పుడుతుంది, సున్నం తనంతట తానే కాలుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. నూనె, పసుపు, పళ్ల పేస్టు ఏవీ పూయవద్దు. పొరపాటున మింగితే కక్కించకూడదు, పోయేటప్పుడు కాల్చింది వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. నీళ్లతో కడిగిన వెంటనే ఆసుపత్రికి, వెంట ఆ డ్రమ్ము మీది పేరు రాసుకుని పోవాలి. డాక్టరు మొదట అడిగేది అదే. కలిపేటప్పుడు ఎప్పుడూ నీళ్లలో యాసిడ్ కొద్దికొద్దిగా పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోస్తే అక్కడికక్కడ మరిగి మొహం మీదికి ఎగురుతుంది.

ఈ సీజన్లో మేము షెడ్ల దగ్గర అడుగుతున్నవి ఇవి. యాసిడ్ పోసే ప్రతి క్యానుకూ, తొట్టికీ, మగ్గుకూ ఎర్ర అంచు గుర్తు, కింద తెలుగులో "యాసిడ్, తాకితే కాలుతుంది" అనే మాట. నూనె క్యాన్లు, తాగే సీసాలు యాసిడ్‌కు వాడకూడదు. మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు, కంటి అద్దాలు, రబ్బరు బూట్లు యజమానే కొనాలి, కూలిలో కోయకూడదు. వివరాల పత్రం తెలుగులో రాయించి గోడకు అంటించాలి, చదువు రానివాళ్లకు మొదటిరోజే చదివి వినిపించాలి. తొట్టికి పది అడుగుల లోపల ఎప్పుడూ నీళ్లు వచ్చే కుళాయి ఉండాలి. అధికారులను అడుగుతున్నది ఒక్కటే, యాసిడ్ వాడే షెడ్లను తల లెక్కతో పని లేకుండా ప్రమాదకరమైనవిగా ప్రకటించాలి.

వీటిలో డబ్బు ఖర్చయ్యేవి ఉన్నాయి, కానివి ఉన్నాయి. గుర్తుకు కాగితం ఖర్చు. మేము ఇప్పటిదాకా మాట్లాడిన యజమానుల్లో గ్లౌజులకు ఒప్పుకున్నవాళ్లు ఉన్నారు, కుళాయికి ఒప్పుకున్నవాళ్లు ఉన్నారు. మగ్గుకు గుర్తు పెట్టడానికి మాత్రం ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే ఒకాయన ఉన్నమాట చెప్పాడు: "అది చూస్తే ఈ కూలికి ఎవరు ముంచుతారు?"